పరాయి ఆటలతో పెరిగిన లినక్స్

2025 అక్టోబరు స్టీమ్ సర్వేలో లినక్స్ వాటా మొదటిసారి మూడు శాతం దాటింది. కచ్చితంగా చెప్పాలంటే 3.05 శాతం. అదే నెల విండోస్ వాటా 94.84. ఇంత తేడా ఉండగా దీని మీద వ్యాసమేమిటని ఎవరైనా అడిగితే తప్పు పట్టలేం. అయితే స్టీమ్ చిన్న దుకాణం కాదు. కంప్యూటర్ ఆటలు అమ్మే చోట్లలో అన్నిటికన్నా పెద్దది. 2021కి దాన్ని నడిపే వాల్వ్ కంపెనీ ప్రకటించిన లెక్క ప్రకారమే అక్కడికి నెలకు 13.2 కోట్ల మంది వచ్చేవారు. ఆ పాత లెక్క పట్టుకున్నా మూడు శాతమంటే దాదాపు నలభై లక్షల మంది. పైగా ఈ వాటా ఏళ్ల తరబడి ఒక శాతం దగ్గర, చాలా నెలలు అంతకన్నా కిందే, ఉలుకూ పలుకూ లేకుండా పడి ఉండేది. కదలిక మొదలైంది 2018 తర్వాత. జోరందుకున్నది 2022 తర్వాత.

ఇందులో ఒక విడ్డూరం ఉంది. ఈ నలభై లక్షల మంది ఆడుతున్నవి చాలావరకు లినక్స్ కోసం రాసినవి కావు. విండోస్ కోసం రాసి, విండోస్ మీద పరీక్షించి, విండోస్ ఫైళ్లుగానే అమ్మిన ఆటలు. లినక్స్ అభిమానులు ఇరవై ఏళ్లు ఎదురుచూసింది ఇందుకు కాదు. తమకంటూ సొంత ఆటలు రావాలని, పెద్ద కంపెనీలు తమను కూడా కొనుగోలుదారులుగా లెక్కలోకి తీసుకోవాలని వాళ్ల కోరిక. ఆ కోరిక తీరలేదు. దాన్ని పక్కన పెట్టేశాకే లినక్స్‌కు ఆటలొచ్చాయన్నది ఇక్కడ నా వాదన. దాని మంచీ చెడ్డా రెండూ చూడాలి.

సొంత ఆటల కల

మొదలు మరీ అంత నిరాశగా ఏమీ లేదు. 1994లోనే ఐడీ సాఫ్ట్‌వేర్‌లో పనిచేస్తున్న డేవ్ టేలర్ 'డూమ్'ను లినక్స్‌కు తెచ్చాడు. 1997 చివర్లో అదే కంపెనీకి చెందిన జాన్ కార్మాక్ డూమ్ సోర్స్ కోడ్‌ను లోకానికి ఇచ్చినప్పుడు ఇచ్చింది కూడా ఆ లినక్స్ రూపాన్నే. డాస్ రూపంలో వాడిన సౌండ్ లైబ్రరీ వేరే వాళ్ల సొత్తు కావడంతో దాన్ని ఇవ్వడానికి వీల్లేకపోయింది.

1998లో కాలిఫోర్నియాలో స్కాట్ డ్రేకర్ అనే లాయరు లోకీ సాఫ్ట్‌వేర్ అనే కంపెనీ పెట్టాడు. విండోస్‌లో పేరు తెచ్చుకున్న ఆటల హక్కులు కొని, లినక్స్‌కు తిరగరాసి, డబ్బాల్లో పెట్టి అమ్మడం దాని వ్యాపారం. 1999లో 'సివిలైజేషన్: కాల్ టు పవర్'తో మొదలుపెట్టి 'క్వేక్ 3 అరీనా', 'హీరోస్ ఆఫ్ మైట్ అండ్ మ్యాజిక్ 3', 'సిమ్‌సిటీ 3000' వంటివి తెచ్చింది. పని నాణ్యతకు వంక పెట్టినవాళ్లు తక్కువ. కొన్నవాళ్లు ఇంకా తక్కువ. లినక్స్ రూపం వచ్చేదాకా ఆగే ఓపిక ఆటగాళ్లకు ఉండదు. చాలామంది అదే కంప్యూటర్‌లో విండోస్ కూడా ఉంచుకునేవారు కాబట్టి ముందే దొరికే విండోస్ డబ్బా కొని ఆడేసేవారు. 2001లో లోకీ దివాలా పిటిషన్ వేసింది. 2002 జనవరిలో మూతపడింది.

ఆ కంపెనీ మిగిల్చి పోయిన ఆస్తి వేరే ఉంది. అక్కడ పనిచేసిన సామ్ లాంటింగా రాసిన ఎస్‌డీఎల్ అనే లైబ్రరీ కీబోర్డు, జాయ్‌స్టిక్, ధ్వని, తెర వంటివాటిని ఏ ఆపరేటింగ్ సిస్టమ్‌లోనైనా ఒకే తీరుగా వాడుకునే వీలు కల్పిస్తుంది. ఇప్పటికీ లెక్కలేనన్ని ఆటల అడుగున అదే ఉంది. లోకీ నుంచి వచ్చిన మరొకాయన ర్యాన్ గోర్డన్ ఆ తర్వాత ఎన్నో ఆటలను లినక్స్‌కు తెచ్చాడు. 2010 మే నెలలో 'హంబుల్ ఇండీ బండిల్' పేరిట కొన్ని చిన్న ఆటలను ఎవరికి తోచినంత ధరకు వాళ్లకు అమ్మితే, సగటున అందరికన్నా ఎక్కువ చెల్లించింది లినక్స్ వాళ్లే. అంటే వీళ్లు డబ్బివ్వరన్న మాట నిజం కాదు. ఇచ్చేవాళ్లు పిడికెడు మందే కావడం అసలు ఇబ్బంది. ఆటలు లేవు కాబట్టి మనుషులు రారు, మనుషులు లేరు కాబట్టి ఆటలు రావు. ఎంత మంచి ఇంజినీరు వచ్చినా ఈ చిక్కు తెగలేదు.

వైన్ దారి

దీనికి సమాంతరంగా, ఎవరూ పెద్దగా పట్టించుకోని పని ఒకటి 1993 నుంచే సాగుతూ వచ్చింది. దాని పేరు వైన్. 1994 నుంచి దానికి పెద్ద అలెగ్జాండర్ జూలియార్డ్. ఆలోచన ఇది: విండోస్ కంప్యూటర్‌లో ఉన్నదీ లినక్స్ కంప్యూటర్‌లో ఉన్నదీ ఒకే రకం ప్రాసెసర్ అయినప్పుడు, ప్రోగ్రామ్‌లోని లెక్కలూ కూడికలూ రెండు చోట్లా యథాతథంగా నడుస్తాయి. తేడా వచ్చేది ప్రోగ్రామ్ ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఏదైనా కోరినప్పుడు మాత్రమే: ఈ ఫైలు తెరువు, ఈ కిటికీ గీయి, ఈ శబ్దం వినిపించు. విండోస్‌లో ఉన్న అవే పేర్లతో అవే కోరికలు తీర్చే కోడ్‌ను లినక్స్ మీద రాస్తే, ప్రోగ్రామ్‌కు తాను ఎక్కడున్నదీ తెలియకుండానే పని జరిగిపోతుంది. వినడానికి తేలిక. విండోస్‌లో అలాంటి కోరికలు వేలల్లో ఉంటాయి. వాటిలో చాలా వాటి ప్రవర్తన ఏ మాన్యువల్‌లోనూ రాసి ఉండదు. తప్పుగా పనిచేసేవాటిని కూడా అదే తప్పుతో మళ్లీ రాయాలి, ఎందుకంటే ఏదో ఒక ఆట ఆ తప్పు మీదే ఆధారపడి ఉంటుంది. వైన్ 1.0 రావడానికి 2008 జూన్ అయింది. పదిహేనేళ్లు!

మధ్యలో ట్రాన్స్‌గేమింగ్ అనే కంపెనీ వైన్ కోడ్ తీసుకుని, ఆటలకు పనికొచ్చేలా మార్చి, తన మార్పులను తిరిగి పూర్తిగా పంచకుండా నెలవారీ చందాకు అమ్ముకుంది. అది చూసే 2002లో వైన్ వాళ్లు లైసెన్సు మార్చుకున్నారు. వైన్‌కు చేసిన మార్పులు బయటకు ఇచ్చేవాళ్లు, వాళ్లు ఎవరైనా, వాటి కోడ్ కూడా అందరికీ ఇవ్వాలన్నది కొత్త షరతు. అప్పట్లో ఇది గృహకలహంలా కనిపించింది. పదహారేళ్ల తర్వాత చాలా పెద్ద కంపెనీ ఒకటి ఇదే కోడ్ మీద చేయి వేసినప్పుడు ఆ షరతు విలువ తెలిసొచ్చింది.

ఒక కంపెనీ భయం

ఆ కంపెనీ వాల్వ్. దాని అధిపతి గేబ్ న్యూవెల్ అంతకుముందు పదమూడేళ్లు మైక్రోసాఫ్ట్‌లో పనిచేసినవాడు. 2012లో విండోస్ 8 తన సొంత స్టోరుతో వస్తోందనగా, కంప్యూటర్ పరిశ్రమకు అది పెద్ద విపత్తని అతను బాహాటంగా అన్నాడు. భయం అర్థమయ్యేదే. ఫోన్లలో యాపిల్ చేసినట్టు రేపు మైక్రోసాఫ్ట్ కూడా తన స్టోరు గుండానే ఏదైనా రావాలని గీత గీస్తే, స్టీమ్ దుకాణం రాత్రికి రాత్రి అద్దె ఇంట్లో ఉన్నట్టు అవుతుంది. లినక్స్ మీద ప్రేమతో కాక యజమాని మీద అపనమ్మకంతో మొదలైన పని ఇది. నాకైతే ఇందులో తప్పేమీ కనబడదు. ప్రేమ కన్నా వ్యాపార భయమే ఎక్కువ కాలం జీతాలిస్తుంది.

అదే ఏడాది ఆగస్టులో వాల్వ్ ఒక లెక్క బయటపెట్టింది. 'లెఫ్ట్ 4 డెడ్ 2'ను లినక్స్‌లో మొదట నడిపితే సెకనుకు ఆరు ఫ్రేములే వచ్చాయి. కోడ్‌నూ డ్రైవర్లనూ సరిచేసుకుంటూ పోతే 315కు చేరింది. అదే యంత్రం మీద విండోస్ 7లో వచ్చింది 270.6. 2013 ఫిబ్రవరిలో లినక్స్‌కు స్టీమ్ వచ్చింది. ఆ డిసెంబరులో స్టీమ్ఓఎస్ వచ్చింది. 2015 నవంబరులో ఏలియన్‌వేర్, జోటాక్ వంటి కంపెనీలు తయారుచేసిన స్టీమ్ మెషీన్లు దుకాణాలకు చేరాయి.

అవి దెబ్బతిన్నాయి. కొన్నవాళ్లకు స్టీమ్‌లోని ఆటల్లో కొద్ది భాగమే నడిచేది. నడిచినవాటిలో కొన్ని విండోస్ కన్నా నెమ్మది. స్టీమ్ మెషీన్‌కు వస్తాయని ప్రకటించిన 'ద విచర్ 3', 'బ్యాట్‌మన్: ఆర్కమ్ నైట్' రానే లేదు. వాల్వ్ కూడా లోకీ చేసిన పొరపాటే చేసింది: గేమ్ కంపెనీలు తమ ఆటలను లినక్స్‌కు తిరగరాస్తాయని నమ్మింది. 2018లో స్టీమ్ మెషీన్లను దుకాణం ముందు పేజీ నుంచి తీసేశారు. పత్రికలు సంతాపం రాసేశాయి.

ప్రోటాన్

కొద్ది నెలలకు, 2018 ఆగస్టు 21న, వాల్వ్ ప్రోటాన్‌ను విడుదల చేసింది. వైన్‌ను కోడ్‌వీవర్స్ అనే కంపెనీతో కలిసి ఆటలకు తగ్గట్టు మలిచి, స్టీమ్ లోపలే పెట్టారు. మొదటి రోజు అధికారికంగా సరేనన్నవి 27 ఆటలే. కానీ కావాలనుకుంటే మిగతా అన్నిటినీ ప్రయత్నించి చూసుకునే మీట కూడా ఇచ్చారు. జనం అదే నొక్కారు.

మన సినిమాల భాషలో చెప్పాలంటే లోకీ చేసింది రీమేక్. కొత్త సెట్టు, కొత్త షూటింగు, కొత్త ఖర్చు. ప్రోటాన్ చేసేది డబ్బింగ్, అదీ బొమ్మ తెర మీద ఆడుతుండగానే.

వైన్ అప్పటికే ఉండగా ప్రోటాన్‌తో కొత్తగా ఏం వచ్చిందన్నది అసలు ప్రశ్న. జవాబు గ్రాఫిక్స్‌లో ఉంది. విండోస్ ఆటలు బొమ్మ గీయడానికి మైక్రోసాఫ్ట్‌వారి డైరెక్ట్3డీని వాడతాయి. వైన్ దాన్ని ఓపెన్‌జీఎల్‌లోకి మార్చేది. ఓపెన్‌జీఎల్ పాత పద్ధతి. గ్రాఫిక్స్ కార్డుకు సంబంధించిన చాలా నిర్ణయాలు డ్రైవరే లోపల గుట్టుగా తీసుకుంటుంది. రెండిటి పద్ధతులూ కలవని చోట వేగం పోయేది. 2016 ఫిబ్రవరిలో వల్కన్ వచ్చింది. ఏఎమ్‌డీ అంతకుముందు చేసిన మాంటిల్ దీనికి మూలం. వల్కన్‌లో ఆ నిర్ణయాలన్నీ రాసేవాడి చేతికే వచ్చాయి. ఆట రాసేవాళ్లకు ఇది తలనొప్పి. అనువాదకుడికి వరం.

ఆ వరాన్ని అందుకున్నవాడు ఫిలిప్ రెబోలే అనే జర్మన్ ప్రోగ్రామర్. 'నియర్: ఆటోమాటా' అనే జపనీస్ ఆటను తన లినక్స్‌లో ఆడుకోవాలని అతనికి కోరిక. వైన్‌లో అది సరిగ్గా నడవలేదు. దాంతో డైరెక్ట్3డీ 11ను వల్కన్‌లోకి మార్చే డీఎక్స్‌వీకేను సొంతంగా రాయడం మొదలుపెట్టాడు. కొద్ది నెలల్లోనే వాల్వ్ అతనికి జీతమిచ్చి అదే పని చేయమంది. లోకీ, ట్రాన్స్‌గేమింగ్ వంటి కంపెనీలు డబ్బు పోసి తెగ్గొట్టలేకపోయిన ముడిని ఒక ఆటగాడి పంతం తెంపింది. అయితే డీఎక్స్‌వీకే ఒక్కటే సరిపోయేది కాదన్నదీ నిజమే. డైరెక్ట్3డీ 12 కోసం వీకేడీ3డీ-ప్రోటాన్ వచ్చింది. ఏఎమ్‌డీ కార్డులకు రెడ్ హ్యాట్‌లోని డేవ్ ఎయిర్లీ, మరికొందరు రాసిన ఆర్ఏడీవీ డ్రైవర్‌లోకి 2019లో వాల్వ్ తన సొంత షేడర్ కంపైలర్‌ను చేర్చింది. ఆట మధ్యలో తెర ఒక్క క్షణం ఆగి కదిలే జబ్బుకు అది పెద్ద మందయింది.

లినక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నల్ కూడా వంగింది. విండోస్ ఆటలో ఒకేసారి పదుల కొద్దీ పనులు నడుస్తూ ఒకదాని కోసం ఒకటి ఆగుతుంటాయి. ఆ ఆగడం విండోస్‌లో ఒక పద్ధతి, లినక్స్‌లో ఒక పద్ధతి. వైన్ దాన్ని తనే కిందామీదా పడి నెట్టుకొచ్చేది. 2022 జనవరిలో వచ్చిన 5.16 కెర్నల్‌లో ఒకేసారి అనేకం కోసం వేచి ఉండే సదుపాయం చేర్చారు. 2025 మార్చిలో వచ్చిన 6.14లో ఎన్‌టీసింక్ పేరిట విండోస్ పద్ధతినే కెర్నల్‌లో పెట్టేశారు. ఎవరికో ఆటలు ఆడాలని ఉంటే సర్వర్లు నడిపే కెర్నల్‌లో విండోస్ అలవాట్లు ఎందుకు చేర్చాలని అడిగే రోజులు పోయాయి.

చేతిలో పట్టే యంత్రం

2022 ఫిబ్రవరి చివర్లో స్టీమ్ డెక్ వచ్చింది. ఏడంగుళాల తెర, ఏఎమ్‌డీ చిప్, 16 జీబీ మెమరీ, 399 డాలర్ల ప్రారంభ ధర. లోపల ఆర్చ్ లినక్స్ మీద కట్టిన స్టీమ్ఓఎస్. పెట్టె మీద ఎక్కడా లినక్స్ అని గొప్పగా రాసుకోలేదు. కొన్నవాళ్లలో ఎందరికో అది లినక్స్ అనే సంగతే తెలియదు. లినక్స్ వ్యాప్తికి ఇంతకన్నా మంచి ప్రచారం జరగలేదంటే అతిశయోక్తి కాదు.

ఆ వారమే 'ఎల్డెన్ రింగ్' విడుదలైంది. విండోస్ కంప్యూటర్లలో అది ఆగి ఆగి నడుస్తోందని ఫిర్యాదులు వెల్లువెత్తాయి. వాల్వ్ వాళ్లు కొద్ది రోజుల్లోనే అనువాద పొరలోనే మెమరీ వాడే తీరును మార్చి, డెక్‌లో ఆ కుదుపులు తగ్గించారు. ఆట తయారుచేసినవాళ్లు ముట్టుకోకుండానే దాని జబ్బు నయమైంది. మధ్యవర్తి పొర ఒకటి ఉండడం ఎప్పుడూ నష్టమే కానవసరం లేదని నాకు తోచింది అప్పుడే.

ఒకే రకం యంత్రం లక్షల్లో ఉండడంతో మరో లాభం. ఏ ఆట నడుస్తుంది, ఏది నడవదు అని వాల్వ్ ఒక్కొక్కటీ పరీక్షించి ముద్ర వేయడం మొదలుపెట్టింది. ఆ ముద్ర కోసం కంపెనీలే తమ ఆటలను సర్దుకోసాగాయి. అక్షరాలు చిన్న తెర మీద కనబడేలా చేయడం, అనవసరపు లాంచర్లు తీసేయడం వంటివి. లినక్స్ రూపం తయారుచేయమంటే చేయనివాళ్లు, ప్రోటాన్‌లో చెడకుండా చూసుకోమంటే ఒప్పుకున్నారు. 2025 మేలో లెనోవో వాళ్ల లీజియన్ గో ఎస్ స్టీమ్ఓఎస్‌తో వచ్చింది. వాల్వ్ తయారీ కాని చేతి యంత్రం ఒకటి ఆ వ్యవస్థతో అమ్మకానికి రావడం అదే మొదలు.

సొంత రూపాలకు ఏమైంది

సన్నగిల్లాయి. బ్రిటన్‌లోని ఫెరల్ ఇంటరాక్టివ్ ఒకప్పుడు 'టూమ్ రైడర్', 'షాడో ఆఫ్ మోర్డార్', 'టోటల్ వార్' ఆటలను లినక్స్‌కు తెచ్చేది. ప్రోటాన్ వచ్చాక ఆ పని బాగా తగ్గిపోయింది. 'రాకెట్ లీగ్'ను కొన్న ఎపిక్ కంపెనీ 2020లో దాని లినక్స్ రూపాన్ని ఆపేసింది. సొంత రూపం ఉన్న ఆటలకు కూడా చాలామంది సెట్టింగుల్లోకి వెళ్లి విండోస్ రూపాన్నే ప్రోటాన్‌లో నడుపుకుంటారు, అదే బాగా నడుస్తుంది కాబట్టి.

ఎందుకంటే పాత కోరికలను విండోస్ దాదాపు ఎప్పుడూ తీసేయదు. లినక్స్‌లో కెర్నల్ మాట తప్పదు గానీ, దాని పైన ఉండే లైబ్రరీలు తప్పుతాయి. లోకీ అమ్మిన లినక్స్ ఆటను ఇవాళ్టి ఉబుంటులో నడపాలంటే పాత లైబ్రరీలు వెతికి తెచ్చుకోవాలి. అదే ఆట విండోస్ రూపం వైన్‌లో చాలావరకు ఏ గొడవా లేకుండా లేస్తుంది. 2022 ఆగస్టులో, ఆ లైబ్రరీల్లో ఒకటైన గ్లిబ్‌సీ 2.36 విడుదలలో పాతదనుకున్న చిన్న అంశాన్ని తీసేస్తే, దొంగాటను పట్టే ఈజీ యాంటీ-చీట్ అనే ప్రోగ్రామ్ వాడే ఆటలు కొన్ని ఆగిపోయాయి. లినక్స్‌లో నిలకడగా ఉండే ఒకే ఒక్క ఒప్పందం విండోస్‌దే అని లినక్స్ వాళ్లే వేసుకునే జోకు ఉంది. జోకే గానీ, అబద్ధం కాదు.

సొంత రూపాల గురించి న్యాయంగా చెప్పాల్సిన మాట ఇంకొకటి. లినక్స్ వాళ్లు అమ్మకాల్లో ఉండరు, ఫిర్యాదుల్లో మాత్రం ముందుంటారని కొందరు డెవలపర్లు విసుక్కునేవారు. 'డెల్టా-వీ: రింగ్స్ ఆఫ్ సాటర్న్' అనే ఆట తయారుచేసినాయన 2021లో తన లెక్కలు బయటపెట్టాడు. కొన్నవాళ్లలో లినక్స్ వాళ్లు 5.8 శాతం. వచ్చిన ఫిర్యాదుల్లో వాళ్లవి 38 శాతం. ఆ నాలుగు వందల ఫిర్యాదుల్లో లినక్స్‌లోనే వచ్చే తప్పులు మూడే. మిగతావన్నీ విండోస్ వాళ్లూ పడుతున్నవే, వాళ్లు చెప్పనివి. జీతం లేకుండా పరీక్షకులు దొరికారని ఆయన సంతోషించాడు.

దాటలేని గోడ

ఇక అసలు అడ్డంకి. ఇది వేగానికి సంబంధించింది కాదు, నమ్మకానికి సంబంధించింది. ఆన్‌లైన్‌లో పదిమంది తలపడే ఆటల్లో గోడల వెనక మనిషిని చూపించే, గురి తానే పెట్టే దొంగ ప్రోగ్రాములు వస్తుంటాయి. వాటిని పట్టడానికి కంపెనీలు యాంటీ-చీట్ పెడతాయి. వాటిలో కఠినమైనవి విండోస్ కెర్నల్‌లోనే కూర్చుంటాయి. 2020లో వచ్చిన 'వాలరెంట్'తో పాటు వచ్చిన వ్యాన్‌గార్డ్ కంప్యూటర్ ఆన్ అయినప్పటి నుంచీ కాపలా కాస్తుంది. 2024 మేలో అదే 'లీగ్ ఆఫ్ లెజెండ్స్'కు కూడా చేర్చారు. దాంతో అప్పటిదాకా వైన్‌లో ఆడుకుంటున్నవాళ్ల ఆట ముగిసింది.

2021 సెప్టెంబరులో ఈజీ యాంటీ-చీట్, బ్యాటిల్‌ఐ రెండూ ప్రోటాన్‌లో పనిచేసే వీలు కల్పించాయి. కంపెనీ సరేనంటే చాలు. కొన్ని అన్నాయి, చాలా పెద్దవి అనలేదు. ఈజీ యాంటీ-చీట్ ఎపిక్‌దే అయినా, ఎపిక్ అధిపతి టిమ్ స్వీనీ 'ఫోర్ట్‌నైట్'కు ఒప్పుకోలేదు. ఎవరికి తోచినట్టు వాళ్లు కెర్నల్ మార్చుకునే చోట దొంగలను పట్టడం కష్టమని ఆయన వాదన. 'ఏపెక్స్ లెజెండ్స్' ముందు తలుపు తీసి, దొంగలు అటు నుంచే వస్తున్నారంటూ 2024 అక్టోబరు 31న మూసేసింది. అంతకు నెలన్నర ముందు 'జీటీఏ ఆన్‌లైన్'కు బ్యాటిల్‌ఐ చేర్చి లినక్స్‌కు మాత్రం అనుమతి ఇవ్వలేదు. 2025లో వచ్చిన 'బ్యాటిల్‌ఫీల్డ్ 6' విండోస్‌లో కూడా సెక్యూర్ బూట్ అనే భద్రతా అమరిక ఉండి తీరాలంది.

స్వీనీ వాదనను తేలిగ్గా కొట్టిపారేయలేం. కెర్నల్ మొత్తం యజమాని చేతిలో ఉన్న యంత్రంలో, ఆ యజమాని మీదే నిఘా పెట్టే ప్రోగ్రామ్ ఎంతవరకు నిజం చెబుతుంది? అయితే ఆ యజమానికి సొంత యంత్రం మీద పూర్తి అధికారం ఉండాలనేదే లినక్స్ పుట్టుకకు అర్థం. అందుకే ఇది ఏ తెలివైన ప్రోగ్రామరూ రాత్రింబవళ్లు కూర్చుని పరిష్కరించగలిగే సమస్య కాదని నా అభిప్రాయం. ఇక్కడ ఢీకొంటున్నవి రెండు కోడ్‌లు కావు. అధికారం ఎవరిదన్న విషయంలో రెండు పట్టుదలలు. ఒక చిన్న ఆశ మాత్రం మైక్రోసాఫ్ట్ వైపు నుంచే ఉంది. 2024 జులైలో క్రౌడ్‌స్ట్రైక్ పంపిన ఒక్క తప్పు ఫైలుతో ప్రపంచమంతా విండోస్ యంత్రాలు కుప్పకూలాక, భద్రతా ప్రోగ్రాములను కెర్నల్ బయటకు తేవడం మీద ఆ కంపెనీ పనిచేస్తోంది. విండోస్‌లోనే కెర్నల్ తలుపులు మూసుకుంటే యాంటీ-చీట్ వాళ్లు వేరే దారి వెతుక్కోక తప్పదు. అప్పటిదాకా హైదరాబాద్, విజయవాడ గేమింగ్ కేఫ్‌లలో వాలరెంట్ ఆడే కుర్రాళ్లకు లినక్స్ గురించి చెప్పడం వృథా ప్రయాస. 'కౌంటర్-స్ట్రైక్ 2' ఆడేవాళ్లకైతే చెప్పొచ్చు. అది వాల్వ్‌దే, లినక్స్‌లో సొంతంగానే నడుస్తుంది.

ఇంట్లో వాడేవాళ్ల సంగతి

స్టీమ్ డెక్ మన దేశంలో అధికారికంగా అమ్మకానికి రాలేదు. కాబట్టి ఇక్కడివాళ్లకు లినక్స్ గేమింగ్ అంటే ఇంట్లో ఉన్న కంప్యూటర్ లేదా ల్యాప్‌టాప్. అందులో ఉండేది ఎక్కువగా ఎన్‌విడియా కార్డు. 2012లో లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ ఫిన్లండ్‌లోని ఒక సభలో ఆ కంపెనీకి వేలు చూపించి తిట్టిన వీడియో చాలామంది చూసే ఉంటారు. తర్వాత పరిస్థితి బాగుపడింది. 2022లో కెర్నల్ భాగం కోడ్‌ను ఎన్‌విడియా బయటపెట్టింది. 2024లో వేలాండ్ అనే కొత్త తెర పద్ధతి మీద తెర మినుకుమినుకుమనే జబ్బు చాలావరకు తగ్గింది. అయినా డైరెక్ట్3డీ 12 ఆటల్లో విండోస్‌తో పోలిస్తే వేగం గుర్తించదగినంతగా పడిపోతోంది. కొత్తగా కొనేవాళ్లకు ఏఎమ్‌డీ కార్డు అని ఒక్క ముక్కలో చెప్పొచ్చు. అందులోనూ ఒక మెలిక ఉంది. ఓపెన్ సోర్స్ డ్రైవర్‌లో హెచ్‌డీఎమ్‌ఐ 2.1ను అమలు చేస్తామని ఏఎమ్‌డీ అడిగితే హెచ్‌డీఎమ్‌ఐ ఫోరం కుదరదంది. ఆ సంగతి 2024లో బయటికొచ్చింది. మానిటర్‌కు డిస్‌ప్లేపోర్ట్ తీగ వాడేవాళ్లకు దీని బాధ లేదు.

2021 నవంబరులో యూట్యూబ్‌లో పేరున్న లైనస్ సెబాస్టియన్ పాప్ ఓఎస్ అనే లినక్స్ రకంలో స్టీమ్ ఇన్‌స్టాల్ చేయబోతే, ప్యాకేజీలో ఉన్న తప్పు వల్ల డెస్క్‌టాపే మొత్తం తుడిచిపెట్టుకుపోయింది. హెచ్చరిక వచ్చింది. ఆయన సరేనని టైపు చేశాడు. లినక్స్ వాళ్లు ఆయన్ను ఎగతాళి చేశారు గానీ, ఆట ఆడదామని వచ్చినవాడు డెస్క్‌టాప్ పోగొట్టుకునే వీలు ఉండడమే అసలు తప్పు. ఆ తర్వాత వచ్చిన బజైట్ వంటి లినక్స్ రకాలు ఇందుకే ఆదరణ పొందాయి. మూల వ్యవస్థను పొరపాటున చెరపలేరు, అప్‌డేట్ చెడితే పాతదానికి వెనక్కి వెళ్లొచ్చు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసింది. విండోస్ 11 వద్దన్న పాత ప్రాసెసర్ల కంప్యూటర్లు ఇప్పుడు ఈ వైపు చూస్తున్నాయి. ఒంటరిగా ఆడుకునే పాత, మధ్యతరం ఆటలకు అవి నిక్షేపంలా పనికొస్తాయి.

ఒక్క కంపెనీ మీద

ఇంత కథలోనూ జీతాలిచ్చింది దాదాపు ఒకే కంపెనీ. వందమందికి పైగా ఓపెన్ సోర్స్ ప్రోగ్రామర్లకు తాము డబ్బిస్తున్నామని వాల్వ్ 2022లో చెప్పుకుంది. ఆ కంపెనీ షేర్ మార్కెట్‌లో లేదు. రేపు దాని యజమాని మారితే, మనసు మారితే ఏమిటన్నది తోసిపుచ్చలేని ప్రశ్న. కానీ కోడ్ అందరిదీ. హీరోయిక్, లూట్రిస్ వంటి ప్రోగ్రాములు ఇప్పటికే దాన్ని వాడి ఎపిక్, జీఓజీ ఆటలను నడుపుతున్నాయి. ఇక్కడే 2002 నాటి లైసెన్సు మార్పు అక్కరకొచ్చింది. ఆటలూ స్టీమూ మాత్రం తాళం వేసినవే, వాటి కోడ్ బయటకు రాదు. 2012లో ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉద్యమకారుడు రిచర్డ్ స్టాల్‌మన్ లినక్స్‌కు ఇలాంటి ఆటలు రావడం మీద రాస్తూ, జనం విండోస్ వదిలితే మంచిదే గానీ, స్వేచ్ఛ కోసం వచ్చినవాళ్లకు తాళాల అలవాటు చేయడం చెడ్డదని రెండు వైపులా తూకం వేశాడు. ఆ తూకం ఇప్పటికీ అలాగే ఉంది.

వాల్వ్ మాట లినక్స్‌లో ఎంత చెల్లుతుందో 2019లో తెలిసింది. 32 బిట్ లైబ్రరీలు తీసేస్తామని ఉబుంటు ప్రకటిస్తే, అయితే ఉబుంటుకు మా మద్దతు ఉండదని వాల్వ్ అంది. పాత ఆటలెన్నో 32 బిట్‌వే మరి. కొద్ది రోజుల్లోనే ఉబుంటు వెనక్కి తగ్గింది. 2025లో ఫెడోరాలోనూ ఇలాంటి ప్రతిపాదనే వచ్చింది. ఆటగాళ్ల గోలతో అదీ ఆగిపోయింది.

చట్టం సంగతి కూడా ఒకటుంది. ఇంకొకరి వ్యవస్థ పేర్లనూ కోరికలనూ మళ్లీ రాయడం తప్పా కాదా అన్నది ఏళ్ల తరబడి వెంటాడిన భయం. ఇలాంటి వివాదమే అయిన గూగుల్, ఒరాకిల్ కేసులో 2021 ఏప్రిల్‌లో అమెరికా సుప్రీంకోర్టు గూగుల్ వాడుక న్యాయమైనదేనంది. వైన్ ఆ కేసులో లేదు. కానీ ఊపిరి పీల్చుకున్నవాళ్లలో వైన్ వాళ్లూ ఉండే ఉంటారు.

2025 నవంబరు 12న వాల్వ్ మళ్లీ స్టీమ్ మెషీన్‌ను ప్రకటించింది. ఈసారి ఇతర కంపెనీలను నమ్ముకోకుండా తానే తయారుచేస్తోంది. దానితో పాటు ప్రకటించిన స్టీమ్ ఫ్రేమ్ అనే కళ్లజోడు యంత్రంలో ఉన్నది ఫోన్లలో వాడే స్నాప్‌డ్రాగన్ 8 జెన్ 3 చిప్, అంటే ఆర్మ్ ప్రాసెసర్. విండోస్ ఆటల ఆదేశాలు ఆ చిప్‌కు అసలు అర్థమే కావు. ఫెక్స్ అనే ప్రోగ్రామ్ వాటిని ఆర్మ్ ఆదేశాలుగా మారుస్తుంది. ప్రోటాన్ విండోస్ కోరికలను లినక్స్ కోరికలుగా మారుస్తుంది. డీఎక్స్‌వీకే బొమ్మలను వల్కన్‌లోకి మారుస్తుంది. ప్రాసెసర్ రెండు వైపులా ఒకటే కదా అన్న ధీమాతో 1993లో వైన్ మొదలుపెట్టినవాళ్లు ఈ పని తమ లెక్కలో వేసుకోలేదు.